డీఎన్ఏ ప్రతికృతి, ఉత్పరివర్తన: కోరాపుట్, రాయగడ కొండల సాక్ష్యం

కణం రెండుగా చీలే ముందు తనలోని డీఎన్ఏను మొదటి నుంచి చివరి దాకా మరోసారి రాసుకుంటుంది. దీన్ని ప్రతికృతి అంటారు. ఆ రాతలో ఒక అక్షరం మారవచ్చు, కొన్ని అక్షరాలు జారిపోవచ్చు, ఒక ముక్క రెండుసార్లు పడవచ్చు. అలాంటి తేడా దిద్దుబాటుకు చిక్కకుండా తర్వాతి కణాలకు చేరితే అదే ఉత్పరివర్తన. పదో తరగతి దాటిన ప్రతివారూ ఈ రెండు మాటలూ విన్నవారే. అయితే దక్షిణ ఒడిశాలోని కోరాపుట్, రాయగడ జిల్లాల్లో ఇవి పాఠంలోని మాటలుగా మిగలలేదు. అక్కడి మనుషుల రక్తంలో ఒక్క అక్షరం మారింది, ఆ మార్పును మలేరియా దోమ నిలబెట్టింది. అక్కడి వడ్లలోనూ అక్షరాలు మారాయి, వాటిని విత్తనం దాచుకునే రైతుల చేతులు నిలబెట్టాయి. మార్పు పుట్టేది యాదృచ్ఛికంగానే. అది నిలుస్తుందా, చెరిగిపోతుందా అన్నది మాత్రం ఆ నేల, ఆ గాలి, ఆ మనుషులు తేలుస్తారు. ఈ రెండూ పక్కపక్కనే కనబడే చోట్లు దేశంలో ఎక్కువ లేవు.

తెలుగువారికి ఈ కొండలు పరాయివి కావు. జయపురం జమీందారీ 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడే దాకా మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలో ఉండేది. రాయగడ 1992 అక్టోబరు 2న కోరాపుట్ నుంచి విడిపోయి జిల్లా అయింది. రాయగడ, గుణుపురం, జయపురం బజార్లలో నేటికీ తెలుగు వినిపిస్తుంది. నాగావళి, వంశధార ఆ కొండల మీదుగానే మన వైపు దిగుతాయి. అరకు, పాడేరు, పార్వతీపురం ఏజెన్సీలో కనిపించే రక్త సమస్యలే అక్కడా ఉన్నాయి. సరిహద్దు గీతలు జన్యువులకు తెలియవు.

రాత జరిగే తీరు

డీఎన్ఏ అంటే మెలితిరిగిన రెండు పోగుల తాడు. పోగు పొడుగునా నాలుగు రకాల క్షారాలు వరుసగా కూర్చి ఉంటాయి: ఎడినిన్, థైమిన్, గ్వానిన్, సైటోసిన్. వాటిని ఏ, టీ, జీ, సీ అని పిలుచుకుందాం. ఒక పోగులో ఏ ఉన్నచోట ఎదుటి పోగులో టీ, జీ ఉన్నచోట సీ ఉంటాయి. ఏ-టీ జతను రెండు హైడ్రోజన్ బంధాలు, జీ-సీ జతను మూడు బంధాలు పట్టి ఉంచుతాయి. 1953లో వాట్సన్, క్రిక్ ఈ నిర్మాణాన్ని ప్రకటించినప్పుడే ప్రతి తీసే విధానం అందులోనే ఇమిడి ఉందని గుర్తించారు. పోగులను విడదీస్తే, ఒక్కోదాన్ని చూసి దాని ఎదుటి పోగును మళ్లీ రాయవచ్చు. అంటే కొత్తగా వచ్చే ప్రతి తాడులో ఒక పోగు పాతది, ఒకటి కొత్తది. 1958లో మెసెల్సన్, స్టాల్ ఈ. కోలై బాక్టీరియాను బరువైన నత్రజనిలో పెంచి, ఆ తర్వాత మామూలు నత్రజనిలోకి మార్చి, ఇది నిజమేనని తేల్చారు. ఒక తరం గడిచాక తీసిన డీఎన్ఏ బరువు సరిగ్గా నడిమధ్యన తేలింది.

పనిలో ఉన్న ఎంజైమ్‌లు చాలా ఉన్నాయి. హెలికేజ్ పోగులను విడదీస్తుంది. విడదీసేకొద్దీ ముందు పక్క తాడు ఇంకా బిగుసుకుంటుంది. ఆ బిగువును టోపోఐసోమరేజ్ కోసి, విప్పి, మళ్లీ అతికిస్తుంది. డీఎన్ఏ పాలిమరేజ్ అక్షరాలు పేర్చుతుంది. దీన్ని మొదట వేరుచేసి చూపింది ఆర్థర్ కోర్న్‌బర్గ్. ఇందులో ఒక చిక్కుంది. పాలిమరేజ్ ఒకే దిశలో రాయగలదు, రెండు పోగులేమో ఎదురెదురు దిశల్లో నడుస్తాయి. అందుకని ఒక పోగు మీద రాత ఏకధాటిగా సాగుతుంది, రెండో పోగు మీద చిన్నచిన్న ముక్కలుగా వెనక్కి వెనక్కి పడుతుంది. 1960లలో ఈ ముక్కలను పట్టుకున్నవారు జపాన్ దంపతులు రెయిజీ, సునెకో ఒకజాకి. ఆ ముక్కలను లైగేజ్ కలిపేస్తుంది.

వేగం సంగతి చెప్పాలంటే, బాక్టీరియాలో సెకనుకు వెయ్యి అక్షరాల దాకా పడతాయి. మనిషి కణంలో సుమారు 50. మన ఒకటో క్రోమోజోమ్‌లో దాదాపు 25 కోట్ల అక్షరాలున్నాయి. మధ్యలో ఒక్కచోటే మొదలుపెట్టి రెండు వైపులా రాసుకుంటూ పోతే పూర్తయ్యేసరికి దగ్గర దగ్గర నెల పడుతుంది. కణం ఈ పనిని 8 గంటల్లో ముగిస్తుంది, ఎందుకంటే వేల చోట్ల ఒకేసారి మొదలుపెడుతుంది. ఎముక మజ్జలో సెకనుకు సుమారు 20 లక్షల ఎర్ర రక్తకణాలు తయారవుతాయి. వాటికి తల్లికణాలైనవి చీలిన ప్రతిసారీ 600 కోట్ల అక్షరాలు తిరిగి రాయాలి. ఎదిగిన ఎర్రకణంలో డీఎన్ఏ ఉండదు, కణం మజ్జను వదిలే ముందే కేంద్రకాన్ని బయటికి నెట్టేస్తుంది. కాబట్టి రక్తంలో కనిపించే తప్పు నిజానికి మజ్జలోని రాతలో ఉన్న తప్పు.

తప్పు ఎలా పడుతుంది, ఎలా దిద్దుతారు

పాలిమరేజ్ సుమారు లక్ష అక్షరాలకు ఒకచోట పొరబడుతుంది. ఇదే మిగిలితే ఒక్కసారి కణం చీలేసరికి 60,000 తప్పులు పోగవుతాయి. అలా జరగదు. తప్పు అక్షరం పడగానే జత సరిగా కూర్చోదు, పాలిమరేజ్ ఒక అడుగు వెనక్కి వేసి దాన్ని కత్తిరించి మళ్లీ రాస్తుంది. దీంతో తప్పులు వంద వంతులు తగ్గుతాయి. అది దాటిన వాటిని ఇంకో ఎంజైమ్‌ల బృందం వెతికి పట్టుకుంటుంది. చివరికి వంద కోట్ల అక్షరాలకు ఒకటి, అంతకన్నా తక్కువే మిగులుతాయి.

ఈ రెండో దిద్దుబాటులో ఒక సందేహం తప్పక వస్తుంది. గంటంతో తాళపత్రం ప్రతి రాసే లేఖకుడి ముందు మూలం వేరుగా, ప్రతి వేరుగా ఉంటాయి. తేడా వస్తే ఏది తప్పో తెలుస్తుంది. ఇక్కడ మూలమూ ప్రతీ ఒకే తాడులో పెనవేసుకుని ఉన్నాయి, ఏది దిద్దాలి? ఈ. కోలై బాక్టీరియా పాత పోగు మీద అక్కడక్కడా మిథైల్ గుర్తులు పెట్టుకుంటుంది. కొత్త పోగుకు ఆ గుర్తులు ఇంకా పడి ఉండవు కాబట్టి గుర్తు లేనిదాన్నే దిద్దుతుంది. ఈ రహస్యం విప్పిన పాల్ మోడ్రిచ్‌కు, డీఎన్ఏ మరమ్మతు మీద పనిచేసిన లిండాల్, సంకార్‌లతో కలిపి 2015లో రసాయన శాస్త్ర నోబెల్ వచ్చింది.

ప్రతి తీయని వేళల్లోనూ డీఎన్ఏ చెడుతూనే ఉంటుంది. ఒంటి వేడికే సైటోసిన్‌లో కొంత భాగం ఊడి యురాసిల్‌గా మారుతుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు పక్కపక్క థైమిన్‌లను అతికించేస్తాయి. ఒక్కో కణంలో రోజుకు వేల అక్షరాలు వెన్ను నుంచి రాలిపోతాయి. వీటిలో దాదాపు అన్నీ మరమ్మతవుతాయి. అయినా పుట్టిన ప్రతి బిడ్డలో తల్లిలోనూ తండ్రిలోనూ లేని కొత్త మార్పులు సగటున 60, 70 ఉంటాయి. వీటిలో ఎక్కువ తండ్రి వైపు నుంచి వస్తాయి. వీర్యకణాలకు మూలమైన కణాలు జీవితాంతం చీలుతూనే ఉంటాయి కాబట్టి తండ్రి వయసు పెరిగేకొద్దీ మార్పులూ పెరుగుతాయి.

మనిషిలో ఉత్పరివర్తనల రేటును మొదట లెక్కకట్టింది జె.బి.ఎస్. హాల్డేన్. 1935లో హిమోఫీలియా కుటుంబాల లెక్కలతో ఆ పని చేశాడు. తండ్రి వైపు నుంచే ఎక్కువ మార్పులు వస్తాయని 1947లో చెప్పిందీ ఆయనే. 1957లో ఇంగ్లండు వదిలి కలకత్తా వచ్చి, 1962లో భువనేశ్వర్‌లో జన్యుశాస్త్ర ప్రయోగశాల నెలకొల్పి, 1964 డిసెంబరు 1న అక్కడే కన్నుమూశాడు. తన దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాల విద్యార్థుల చదువుకు రాసి ఇచ్చాడు. పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు ఆయన శిష్యుడు, ఆ తర్వాత ఆయన జీవిత చరిత్ర రాసినవాడు. హాల్డేన్ పేరు ఈ వ్యాసంలో మళ్లీ వస్తుంది, కోరాపుట్ కొండల రక్తం కథ ఆయన ఊహతోనే విడింది.

జీ-ఏ-జీ, జీ-టీ-జీ

డీఎన్ఏ రాతను మూడేసి అక్షరాల మాటలుగా చదువుకుంటుంది కణం. దాదాపు ప్రతి మాటకూ ఒక అమైనో ఆమ్లం. మొత్తం 64 మాటలు, అమైనో ఆమ్లాలేమో 20. కాబట్టి చాలా ఆమ్లాలకు ఒకటికి మించి మాటలుంటాయి. ఈ నిఘంటువును పూర్తిచేసినవారిలో హరగోవింద్ ఖొరానా ఒకరు, ఆయనకు 1968లో నోబెల్ వచ్చింది. జీ-ఏ-ఏ అన్నా జీ-ఏ-జీ అన్నా గ్లుటామిక్ ఆమ్లమే. చివరి అక్షరం ఏ నుంచి జీకి మారితే ప్రొటీన్‌లో ఏమీ మారదు, అది మూగ మార్పు. నడిమి అక్షరం మారిందా, కథ వేరు.

పదకొండో క్రోమోజోమ్ మీద బీటా గ్లోబిన్ జన్యువు ఉంది. 146 అమైనో ఆమ్లాల గొలుసుకు అది నమూనా. ఆరో స్థానంలో జీ-ఏ-జీ ఉండాలి. కొందరిలో అక్కడ జీ-టీ-జీ ఉంటుంది. గ్లుటామిక్ ఆమ్లం పోయి వాలీన్ వచ్చి కూర్చుంటుంది. గ్లుటామిక్ ఆమ్లం నీటితో కలిసిపోయే స్వభావం కలది, వాలీన్ నీటికి దూరంగా జరిగేది. హిమోగ్లోబిన్ ప్రాణవాయువును వదిలేసిన క్షణంలో ఈ వాలీన్ పక్క హిమోగ్లోబిన్ మీదున్న గుంటలో ఇరుక్కుంటుంది. అది ఇంకోదాన్ని పట్టుకుంటుంది. అలా కణం నిండా గట్టి పోచలు పేరుకుని, గుండ్రంగా మెత్తగా ఉండాల్సిన ఎర్రకణం కొడవలిలా వంగుతుంది. మామూలు ఎర్రకణం 120 రోజులు బతికితే ఇది 10 నుంచి 20 రోజుల్లో చితికిపోతుంది. సన్న రక్తనాళాల్లో ఇరుక్కున్నప్పుడు ఎముకల్లో, ఛాతీలో, కడుపులో భరించలేని నొప్పి వస్తుంది. ఇదే సికిల్ సెల్ వ్యాధి, కొడవలి కణ రక్తహీనత.

చికాగోలో జేమ్స్ హెరిక్ 1910లో ఈ కణాలను మొదట వర్ణించాడు. 1949లో లైనస్ పౌలింగ్ బృందం దీన్ని అణువు స్థాయి వ్యాధిగా గుర్తించింది. 1956-57లో కేంబ్రిడ్జ్‌లో వెర్నన్ ఇన్‌గ్రామ్ ఆ ఒక్క అమైనో ఆమ్లం తేడాను పట్టుకున్నాడు. మన దేశంలో 1952లో లేమన్, కట్‌బుష్ నీలగిరి కొండ ప్రజల్లో దీన్ని చూశారు. పశ్చిమ ఒడిశా బుర్లా వైద్య కళాశాలలో బి.సి. కర్, జమైకా నుంచి వచ్చిన గ్రాహం సెర్జెంట్ వంటివారు చేసిన పని 1986లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఇది గిరిజనులకే పరిమితం కాదని ఆ ప్రాంతపు సేద్యపు కులాల లెక్కలు చెప్పాయి. దేశంలోని గిరిజన సమూహాల్లో సికిల్ లక్షణం ఉన్నవారి శాతం ఒక్కోచోట ఒక్కో రకం, 1 నుంచి 40 దాకా ఉంటుంది. కోరాపుట్‌లో ఒక లోయలో ఎక్కువ, పక్క కొండ మీద దాదాపు లేనట్టే. తెగలు తమలో తాము పెళ్లాడే ఆచారమే దీనికి ముఖ్య కారణం.

పరీక్ష ఎలా ఉంటుందో చూడాలి. వేలి కొసన సూది గుచ్చి తీసిన చుక్క రక్తాన్ని ఒక చిన్న గాజు గొట్టంలోని ద్రావణంలో కలుపుతారు. కాసేపాగి గొట్టం వెనక నల్ల గీతలున్న కార్డు పెడతారు. ద్రావణం తేటగా ఉండి గీతలు కనబడితే సికిల్ లేదు. మబ్బుగా మారి గీతలు కనబడకపోతే ఉంది. ఎన్నో తరాల కిందట ఏ కణంలోనో ఏ బదులు టీ పడింది. ఇవాళ అది కార్డు మీద కనబడని గీతలుగా తేలుతోంది. అయితే ఈ పరీక్ష ఉందని మాత్రమే చెబుతుంది, తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే వచ్చిందా ఇద్దరి నుంచీ వచ్చిందా చెప్పదు. దానికి హిమోగ్లోబిన్‌ను విడదీసి చూసే పరీక్ష వేరే కావాలి. ఈ తేడా చాలా పెద్దది. మారిన జన్యువు ఒక నకలే ఉంటే అది సికిల్ లక్షణం, మనిషి మామూలుగానే బతుకుతాడు. రెండూ ఉంటే వ్యాధి. లక్షణం ఉన్న ఇద్దరు పెళ్లాడితే పుట్టే ప్రతి బిడ్డకూ వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. తేడా సరిగా చెప్పక, లక్షణం మాత్రమే ఉన్న పిల్లను రోగిగా ముద్రవేసి పెళ్లి సంబంధాలు తప్పిపోయేలా చేయడం ఘోరమైన అన్యాయం.

దోమ ఎంచిన అక్షరం

రెండు నకళ్లు వచ్చిన పిల్లలు వైద్యం లేని రోజుల్లో ఎదగకముందే చనిపోయేవారు. అలాంటప్పుడు ఈ అక్షరం ఎప్పుడో మాసిపోవాలి. మాసిపోలేదు, పైగా కొన్నిచోట్ల పదిమందిలో నలుగురి దాకా పెరిగింది. దీనికి జవాబు మలేరియా. తలసీమియా అనే మరో వంశపారంపర్య రక్తలోపం మధ్యధరా ప్రాంతంలో అంతగా నిలవడానికి మలేరియా నుంచి రక్షణ ఇవ్వడమే కారణం కావచ్చని హాల్డేన్ 1949లో ఊహించాడు. 1954లో ఆంథొనీ ఆలిసన్ తూర్పు ఆఫ్రికాలో సికిల్ విషయంలో అది నిజమని చూపాడు. ఒక నకలు ఉన్న పిల్లలకు ప్రాణాంతకమైన ఫాల్సిపేరమ్ మలేరియా నుంచి దాదాపు 90 శాతం రక్షణ ఉంటుందని తర్వాతి లెక్కలు తేల్చాయి.

కోరాపుట్ కొండల మలేరియా పాత సంగతే. జయపురం కొండల్లోని మలేరియా గురించి ఈ.ఎల్. పెర్రీ 1914లోనే శాస్త్ర పత్రికలో రాశాడు. చల్లటి కొండవాగుల అంచుల్లో, తేటగా పారే నీళ్లలో పెరిగే అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్ ఇక్కడి ప్రధాన దోమ. మురికి నీటి దోమల లెక్కతో ఈ ఊళ్లను అంచనా వేస్తే తప్పుతుంది. నియమగిరి కొండల చుట్టుపక్కల వాగు దగ్గర ఉన్న శుభ్రమైన ఊరే ఎక్కువ జ్వరాల ఊరు కావచ్చు. అలాంటి చోట ఒక నకలు పిల్లలు ఎక్కువగా మిగిలారు, తమ అక్షరాన్ని పిల్లలకిచ్చారు. రెండు నకళ్ల పిల్లల చావుకు, ఒక నకలు పిల్లల బతుకుకు మధ్య తూకం కుదిరినచోట అక్షరం ఆగింది. జనాభా శాస్త్రంలో దీన్ని సమతుల్య బహురూపత అంటారు. నా ఉద్దేశంలో జన్యుశాస్త్రం నేర్పే అన్ని పాఠాల్లోకీ కఠినమైనది ఇదే. ఒక బిడ్డకు రక్షణ ఇచ్చిన అక్షరమే తోబుట్టువు ప్రాణం తీసింది.

ఆ అక్షరం ఎన్నిసార్లు పుట్టింది? దాని ఇరుగుపొరుగు డీఎన్ఏ రాతను బట్టి ఆఫ్రికాలో నాలుగు చోట్ల, అరేబియా-భారతదేశాల్లో ఒకచోట విడివిడిగా పుట్టిందని 1980లలో అనుకున్నారు. ఈ ఐదోదాన్ని గుర్తించిన 1986 నాటి పరిశోధనలో ఒడిశా రోగుల రక్తమూ ఒక ఆధారం. 2018లో ష్రైనర్, రొటిమి మొత్తం జన్యురాతను చదివి, ఆ మార్పు సుమారు 7,300 ఏళ్ల కిందట ఒక్కసారే పుట్టిందని వాదించారు. అరేబియా-భారత రాత మూలం మీద చర్చ ఇంకా నడుస్తోంది.

ఒడిశా సికిల్ రాతకు ఇంకో విశేషముంది. అదే క్రోమోజోమ్ మీద, గామా గ్లోబిన్ జన్యువుకు 158 అక్షరాల ముందు, సీ బదులు టీ ఉంటుంది. గర్భంలోని శిశువుకు ఉండే హిమోగ్లోబిన్ మామూలుగా పుట్టాక తగ్గిపోతుంది. ఈ రెండో మార్పు ఉన్నవారిలో అది పెద్దయ్యాకా బాగానే మిగులుతుంది. శిశు హిమోగ్లోబిన్ పోచలు కట్టకుండా అడ్డుపడుతుంది కాబట్టి ఆఫ్రికా రోగుల కన్నా ఇక్కడ కొందరికి బాధ తక్కువ. అంటే ఒక అక్షరం చేసిన చెరుపును ఇంకో అక్షరం కొంత కాస్తోంది. ఇది చూసి మన దగ్గర జబ్బు తేలికేనని వైద్యులు చాలాకాలం అనుకున్నారు. నొప్పితో ఆస్పత్రికి మోసుకొచ్చిన పిల్లలను చూస్తే ఆ మాట అనలేం.

మలేరియా ఒక్క అక్షరాన్నే నిలబెట్టలేదు. ఎక్స్ క్రోమోజోమ్ మీదున్న జీ6పీడీ అనే జన్యువులో 131వ అక్షరం సీ నుంచి జీకి మారిన రూపాన్ని ఒడిశా గిరిజనుల్లో కనుగొని, 1995లో దానికి జీ6పీడీ ఒరిస్సా అని పేరుపెట్టారు. భారత గిరిజనుల్లో జీ6పీడీ ఎంజైమ్ లోపానికి ముఖ్య కారణం ఇదే. ఈ మార్పు ఉన్నవారు మామూలుగా ఉంటారు, కానీ వైవాక్స్ మలేరియా మళ్లీ తిరగబెట్టకుండా ఇచ్చే ప్రైమాక్విన్ మాత్ర వేసుకుంటే ఎర్రకణాలు చితికి మూత్రం నల్లబడవచ్చు. మాత్ర ఇచ్చే ముందు అడగాల్సిన ప్రశ్న ఇది.

మలేరియా పరాన్నజీవి కూడా ప్రతులు తీసుకుంటుంది. ఒక ఎర్రకణంలో దూరిన ఫాల్సిపేరమ్ 48 గంటల్లో తన డీఎన్ఏను పదేపదే రాసుకుని పాతిక దాకా పిల్ల పరాన్నజీవులుగా బయటికొస్తుంది. అన్ని కోట్ల ప్రతుల్లో ఎక్కడో ఒకచోట దాని రవాణా ప్రొటీన్‌లో 76వ స్థానంలో లైసీన్ పోయి థ్రియొనీన్ వచ్చింది, మలేరియా మందు క్లోరోక్విన్ పనిచేయడం మానేసింది. ఇండియాలో ఇది 1973లో అస్సాంలో మొదట బయటపడింది. మలేరియాను అణచడానికి 2017లో ఒడిశా ప్రభుత్వం మారుమూల ఊళ్లకు వెళ్లి జ్వరం లేనివారినీ పరీక్షించే దమన్ కార్యక్రమం మొదలుపెట్టింది. ఏడాదిలోనే రాష్ట్రంలో మలేరియా కేసులు 80 శాతానికి పైగా పడిపోయాయి. మలేరియా పోతే సికిల్ అక్షరాన్ని నిలబెట్టే బలం పోతుంది. కానీ తరాల లెక్కలో అది తరిగేందుకు చాలా కాలం పడుతుంది, ఇప్పుడున్న పిల్లలకు వైద్యం ఇప్పుడే కావాలి.

ఆ వైద్యంలోని రెండు మామూలు మందులూ డీఎన్ఏ ప్రతికృతితో ముడిపడినవే. హైడ్రాక్సీయూరియా డీఎన్ఏ అక్షరాలను తయారుచేసే ఎంజైమ్‌ను అడ్డుకుంటుంది. మజ్జలో కణాల చీలిక నెమ్మదించి, శిశు హిమోగ్లోబిన్ పెరుగుతుంది. ఫోలిక్ ఆమ్లం థైమిన్ అక్షరం తయారీకి అవసరం. కణాలు త్వరగా చితికిపోయేవారి మజ్జ రెట్టింపు పనిచేస్తుంది కాబట్టి వారికి ఇది ఎక్కువ కావాలి. ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో లెడర్లీ ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకత్వం వహించింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ ఒడిశా సహా 17 రాష్ట్రాల్లో 40 ఏళ్ల లోపు 7 కోట్ల మందిని పరీక్షించాలని, 2047 నాటికి వ్యాధిని అంతం చేయాలని లక్ష్యం పెట్టుకుంది. అదే ఏడాది చివర బ్రిటన్, అమెరికాలు డీఎన్ఏను కోసే క్రిస్పర్ కత్తెరతో చేసే చికిత్సను ఆమోదించాయి. అది సికిల్ అక్షరం జోలికి పోదు. శిశు హిమోగ్లోబిన్‌ను ఆపే మీటను మాత్రం తెంపుతుంది. 158వ చోటి టీ చేస్తున్న పనినే ఇంకో దారిలో చేస్తుంది.

చేతులు ఎంచిన అక్షరాలు

ఇక వడ్లు. జయపురం ప్రాంతం వరి పుట్టిళ్లలో ఒకటని శాస్త్రవేత్తలు చెబుతారు, ఆస్ అనే త్వరగా పండే వరి తెగకు ఇదే మూలమని ఒక వాదం. 1955 నుంచి 1959 దాకా కటక్‌లోని కేంద్ర వరి పరిశోధన సంస్థ ఇక్కడ ఊరూరా తిరిగి 1,700కు పైగా రకాలు సేకరించింది. 2012లో ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ కోరాపుట్ సంప్రదాయ వ్యవసాయాన్ని ప్రపంచ ప్రాముఖ్యం గల వారసత్వంగా గుర్తించింది. మాఛకంటా, హలదిచూడి, కళాజీరా వంటి పేర్లు ఇంకా పొలాల్లో వినిపిస్తాయి. కోరాపుట్ కళాజీరాకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. దాని గింజ జీలకర్రలా నల్లగా, సన్నగా ఉంటుంది.

ఉత్పరివర్తనల రకాలన్నీ వరిలో చూడవచ్చు. అడవి వరి పండగానే గింజలు రాలిపోతాయి, అలా రాలితేనే దానికి తరం. ఎస్‌హెచ్4 అనే జన్యువులో ఒక్క అక్షరం మారి లైసీన్ బదులు ఆస్పరాజిన్ వచ్చిన మొక్కలో గింజలు ఎన్ను మీదే ఆగాయి. అడవిలో అది లోపం. కొడవలి పట్టిన మనిషికి అదే వరం. అలాగే ఎర్ర బియ్యానికి రంగునిచ్చే ఆర్‌సీ జన్యువులో 14 అక్షరాలు జారిపోయిన మొక్క తెల్ల బియ్యం ఇచ్చింది. సువాసన సంగతీ ఇంతే. బాస్మతి, జాస్మిన్ తరహా వరిలో ఒక జన్యువులో 8 అక్షరాలు పోయాయి. అక్షరాలు మూడేసిగా చదివేవి కాబట్టి ఎనిమిది పోతే తర్వాతి మాటలన్నీ అడ్డదిడ్డమై ప్రొటీన్ అర్ధాంతరంగా ఆగిపోతుంది. అది ఆగినందువల్లే వాసన పదార్థం గింజలో పేరుకుంటుంది. వంటింట్లో మూత తీయగానే తగిలే ఆ వాసన ఒక పాడైన జన్యువు వాసన. పొట్టి వరికి మూలమైన చైనా రకం డీ-జియో-వూ-జెన్‌లో 383 అక్షరాలు పోయాయి. 1966 నాటి ఐఆర్8 దాని సంతతే. ఒడిశాలో టీ-141 అనే పొడవు వరి మీద కిరణాలు ప్రసరింపజేసి జగన్నాథ్ అనే పొట్టి రకాన్ని తెచ్చారు.

మొత్తం జన్యువు రెండుసార్లు రాయబడటం ఇంకో రకం. ఒడిశా దేశవాళీ రకం ధళపుటియా నుంచి వచ్చిన ఎఫ్ఆర్13ఏ రెండు వారాలు నీట మునిగినా చావదు. 2006లో దాని రహస్యం సబ్1ఏ అనే జన్యువని తేలింది, అది పక్కనున్న జన్యువు రెండోసారి రాయబడి, మెల్లగా వేరే పని నేర్చుకున్నది. ఆ ముక్కను పశ్చిమ గోదావరి జిల్లా మారుటేరులో తయారైన స్వర్ణలోకి సంకరణంతో చేర్చితే 2009లో స్వర్ణ-సబ్1 వచ్చింది. ఒడిశా జన్యువు, మారుటేరు వరి ఒక్క గింజలో కలిశాయి. ఇప్పుడు వరదలొచ్చే పల్లాల్లో రెండు రాష్ట్రాల రైతులూ దాన్ని వేస్తున్నారు.

విత్తన క్షేత్రంలో వేరే తీరున కనబడే మొక్కలను మన రైతులు కేళీలంటారు, పీకి పారేస్తారు. కోరాపుట్ కొండ వాలుల్లో అలా పారేయని చేతులు ఉన్నాయి. కోతకు ముందు పొలమంతా తిరిగి మంచి ఎన్నులను ఒక్కొక్కటే తుంచి, వేరే కట్టగా కట్టి, పొయ్యి మీది అటక దగ్గర పొగ తగిలేలా వేలాడదీస్తారు. తేడాగా కనబడ్డ ఎన్ను కొత్తదైతే దాన్నీ వేరుగా దాచి మరుసటి ఏడు ఒక మూలన వేసి చూస్తారు. పరజ తెగకు చెందిన కమలా పూజారి ఇలా వందకు దగ్గరగా దేశవాళీ రకాలను కాపాడింది. 2019లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది, 2024 జూలైలో మరణించింది. జయపురంలోని ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ కేంద్రం ఇలాంటి రైతుల విత్తనాలను భద్రపరచడంలో తోడుగా ఉంది.

కటక్ శీతల గదుల్లోని గింజల్లో పాత రాత చాలావరకు అలాగే ఉంది. చలిలో కణాలు చీలవు, ప్రతులు పడవు, దాదాపు ఏ అక్షరమూ మారదు. కోరాపుట్ పొలంలో అదే రకం గింజ 1950ల నుంచి అరవై డెబ్బయి సార్లు మొలకెత్తింది. నారుపోసిన ప్రతిసారీ ఒక్కో మొక్కలో వరి రాత సుమారు 39 కోట్ల అక్షరాలు మళ్లీ మళ్లీ రాయబడ్డాయి, వాటిలో కొన్ని మారాయి. ఆ మారిన మొక్కల్లో కొన్నింటిని వాన తక్కువైన ఏడు చంపేసింది, కొన్నింటిని ఎవరో ఒకరు చూసి ఎన్ను తుంచుకున్నారు.